గడ్డి కరువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గడ్డి గురించే. వరి పండే ఊళ్లలోనే వరిగడ్డి కొనుక్కోవలసి వస్తోందని రాసినవారు కొందరు. కొన్న గడ్డి బూజు పట్టిందని, దాన్ని ఏం చేయాలో చెప్పమని రాసినవారు మరికొందరు. గుర్రాలు పెంచేవారి ఉత్తరం కూడా ఒకటి వచ్చింది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా గేదెలండీ. రెండు పూటకు మూడు లీటర్ల చొప్పున పాలిస్తున్నాయి. ఒకటి ఏడో నెల చూడి, ఒకటి వట్టిపోయింది. మిషన్‌తో కోయించాక కట్టలు చుట్టించి 120 కట్టలు వేశాం. ఇవి వానలు పడేదాకా వస్తాయా? ఇంకా ఎన్ని కొనాలి? (బాపట్ల జిల్లా నుంచి)

జవాబు: ముందు కట్టలను లెక్కపెట్టడం మానేసి కిలోలు లెక్కపెట్టండి. బేలర్ చుట్టిన గుండ్రటి కట్ట ఒక్కోటి 14 కిలోలూ ఉండవచ్చు, 25 కిలోలూ ఉండవచ్చు. మిషన్ ఎంత గట్టిగా బిగించింది, గడ్డి ఎంత ఆరింది అన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. మీ వామిలో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి పది కట్టలు తీసి తూకం వేయండి, సగటు తెలుస్తుంది. 20 కిలోలు వచ్చిందనుకుంటే మీ దగ్గర ఉన్నది 2,400 కిలోలు.

ఇక ఖర్చు. 450 కిలోల గేదెకు రోజుకు 11 నుంచి 13 కిలోల పొడి పదార్థం కావాలి. పొడి పదార్థం అంటే మేతలో నీటి బరువు తీసేయగా మిగిలేది. పాలిచ్చే గేదెకు ఎండుగడ్డి 6 కిలోలు, పచ్చిమేత 20 కిలోలు, దాణా 4 కిలోలకు పైన పెడితే ఈ లెక్క సరిపోతుంది. వట్టిపోయినదానికి ఎండుగడ్డి 7, 8 కిలోలు, పచ్చిమేత పది, దాణా కిలోన్నర చాలు. చూడి గేదెకు చివరి రెండు నెలలు దాణా మరో కిలో, కిలోన్నర పెంచాలి. అన్నీ కలిపి సగటున తలకు 7 కిలోల ఎండుగడ్డి అనుకోండి. ఫిబ్రవరి మధ్య నుంచి జూలై మధ్య వరకు, అంటే గట్ల మీద పచ్చిక లేచేదాకా 150 రోజులు. నాలుగు గేదెలకు 4,200 కిలోలు. తొక్కుడుకూ పారబోతకూ 15 శాతం పోతుంది కాబట్టి దాదాపు 5 టన్నులు చేతిలో ఉండాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగం. ఇంకో 130 కట్టలు కావాలి. అవి ఇప్పుడే కొనండి, ఏప్రిల్ దాకా ఆగితే లారీ బాడుగతో కలిపి ధర ఎక్కడికి పోతుందో మీకు తెలియంది కాదు.

మునుపు చేత్తో కోసినప్పుడు గడ్డి మొదలు దాకా ఇంటికి వచ్చేది. మిషన్ జానెడు, జానెడున్నర మోడు పొలంలోనే వదిలేస్తుంది. బేలర్ ఎత్తేది మిషన్ వెనక బారుగా పడ్డ గడ్డిని మాత్రమే. చక్రాల కింద నలిగింది, మట్టిలో కలిసింది అక్కడే ఉండిపోతుంది. అందుకే పాత లెక్కలో ఎకరం గడ్డి రెండు గేదెలకు ఏడాది వస్తుందనుకుంటే ఇప్పుడు రాదు.

కొనే ముందు తొక్కుడు తగ్గించుకోండి. గడ్డిని కింద పరిచి వేస్తే గేదె మూతితో తోసి, కాళ్ల కింద వేసుకుని, పేడలో కలిపేస్తుంది. చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలుగా కోసి తొట్టిలో వేస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఒక గుర్రపుశక్తి మోటారున్న చిన్న కట్టర్ మీ నాలుగు గేదెలకు చాలు. ముక్క మరీ సన్నగా కోయకండి, అర అంగుళానికి తగ్గితే నెమరు తగ్గి పాలలో వెన్న పడిపోతుంది.

పచ్చిమేత పూర్తిగా అయిపోతే దాని బదులు ఎండుగడ్డి రెట్టింపు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు కడుపులో బతకాలంటే మేత మొత్తంలో కనీసం 7 శాతం ఉండాలి. అవి చాలకపోతే తిన్న గడ్డి కడుపులోనే నిలిచిపోతుంది, కడుపు నిండుగా కనిపిస్తుంది, గేదె మాత్రం చిక్కిపోతుంది. అలాంటప్పుడు రెండు కిలోల గడ్డి పెంచేకన్నా ఒక కిలో వేరుశనగ చెక్క గానీ పత్తిగింజల చెక్క గానీ పెంచడం మేలు. చెక్క మాత్రం బూజు వాసన లేనిదై ఉండాలి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు తప్పనిసరి. వరిగడ్డిలోని ఆక్సలేట్లు మేతలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒడిసిపట్టి వంటికి పట్టనివ్వవు. నెలల తరబడి పచ్చిది లేకపోతే విటమిన్ ఎ కూడా తగ్గుతుంది, చూడి గేదెకు గుడ్డి దూడ పుట్టే ప్రమాదం ఉంది. మీ చూడి గేదెకు రోజుకు నాలుగైదు కిలోలైనా పచ్చిది, అవిశాకు అయినా సరే, అందేలా చూడండి.

వట్టిపోయిన గేదె సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. డాక్టరు చేత గర్భకోశం పరీక్ష చేయించండి. చూలు కట్టే అవకాశం లేదని తేలితే మార్చిలోపే అమ్మేయండి. మేలో అందరూ సంతకు తోలుకొస్తారు, అప్పుడు ధర ఉండదు. పైగా ఆ మూడు నెలల్లో అది ఏడు క్వింటాళ్ల గడ్డి తినేసి ఉంటుంది.

ప్రశ్న: కొన్న కట్టల లోపల నల్లగా, తెల్లటి పొడి రాలుతూ ఉంది. ఎండబెట్టి వేయవచ్చా? (పశ్చిమ గోదావరి, నల్గొండ జిల్లాల నుంచి ఇద్దరు)

జవాబు: వేయకూడదు. ఎండబెడితే తడి పోతుంది, బూజు విడిచిన విషం పోదు. కట్ట విప్పి, పైపైన బాగున్న భాగం వేరుచేసి వాడుకోవచ్చు. నల్లబడింది, ముద్దకట్టింది, ముక్కుకు పుట్టగొడుగు వాసన కొట్టేది పెంటకుప్పకే. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు, ముఖ్యంగా చలికాలంలో, తోక చివర, చెవి అంచులు, గిట్టల పైభాగం ఎండి, కుళ్లి రాలిపోయే జబ్బు వస్తుంది. ఉత్తరాదిన దీన్ని దెగ్నాలా అంటారు. ఆ లక్షణాలు కనిపిస్తే ఆ గడ్డి ఆ పూటే ఆపి డాక్టరుకు చూపించాలి.

తప్పు జరిగేది కట్ట చుట్టే రోజునే. చుట్టేటప్పుడు గడ్డిలో తేమ 15 శాతం లోపు ఉండాలి. 20 దాటితే లోపల వేడి పుడుతుంది. కోసిన మర్నాడు పొద్దున్నే బేలర్ వస్తుందని బయలుదేరేవారు ఎక్కువ, మంచు తడి ఆరకుండానే చుట్టేస్తారు. రెండు మూడు రోజులు బారుల్లో ఎండనిచ్చి, ఒకసారి తిరగేసి, పదకొండు దాటాక మొదలుపెట్టమనండి. గుప్పెడు గడ్డి తీసుకుని తాడులా మెలిపెట్టండి. చిటపటమని విరిగితే చుట్టవచ్చు. విరగకుండా మెత్తగా మెలిక తిరిగితే ఇంకా ఆగాలి.

కొనేటప్పుడు లారీ పైనున్న కట్టలు చూసి బేరం చేయకండి. నడుమ నుంచి రెండు తీయించి విప్పించండి. చేయి లోపలికి దూర్చితే గోరువెచ్చగా తగిలినా వద్దు. చివరి పురుగుమందు ఎప్పుడు కొట్టారో కూడా అడగాలి.

వామి వేసే చోట తాటి మొద్దులో సరుగుడు బాదులో పరిచి, నేలకు అడుగు ఎత్తున మంచె వేయండి. తడిసిన కట్టలు వేసి ఉంటే మొదటి మూడు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. ఒక ఇనుప కడ్డీని వామి నడుమకు గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే లోపల 60 డిగ్రీలు దాటినట్టే. వెంటనే నీళ్ల ట్యాంకరు పక్కన పెట్టుకుని, వామిని విప్పి కట్టలను ఎడంగా పరచాలి. నీళ్లు లేకుండా విప్పితే గాలి తగిలి మంట లేస్తుంది. వామి మీదికి ఎక్కి నడవకూడదు, లోపల కాలి గుల్లయి ఉంటే కాలు దిగబడుతుంది. కరెంటు తీగల కింద, పశువుల పాకకు ఆనించి ఎన్నడూ వేయకండి.

ఇంకొక చిన్న సంగతి. కట్ట చుట్టిన నైలాన్ దారం గడ్డితో పాటు గేదె పొట్టలోకి పోతే బయటికి రాదు. ఉండ కట్టి, నెమరు ఆగి, చివరికి పొట్ట కోసి తీయాల్సి వస్తుంది. కట్ట విప్పగానే దారం లాగి కొక్కేనికి తగిలించడం అలవాటు చేసుకోండి. చాఫ్ కట్టర్‌లో వేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ముక్కలైన దారం కంటికి కనపడదు.

ప్రశ్న: యూరియాతో మాగబెడితే వరిగడ్డికి బలం వస్తుందంటున్నారు. పాళ్లు చెప్పండి. యూరియా విషం కాదా? (జగిత్యాల జిల్లా నుంచి)

జవాబు: పాళ్లు తప్పితే విషమే. సరిగా చేస్తే మాంసకృత్తులు 3, 4 శాతం నుంచి 7, 8 శాతానికి పెరుగుతాయి, గడ్డి మెత్తబడుతుంది, పశువు పావువంతు ఎక్కువ తింటుంది. ఎక్కువ తింటుందన్న సంగతి గుర్తుంచుకోండి. చేతిలో గడ్డే లేనివారికి దీనితో గడ్డి పెరగదు. గడ్డి ఉండి, చెక్క కొనలేనివారికి బాగా పనికొస్తుంది.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. ఇప్పుడొచ్చే 45 కిలోల యూరియా బస్తా 11 క్వింటాళ్లకు వస్తుంది. యూరియాను చేతి అంచనాతో కాకుండా తూకం వేసే తీసుకోవాలి. నీళ్లలో గుళిక మిగలకుండా పూర్తిగా కరగనివ్వాలి. పశువులు తాగే తొట్టిలోగానీ కుడితి బానలోగానీ కలపవద్దు. కలిపిన డ్రమ్మును పశువుకు అందకుండా పెట్టండి, యూరియా చావులు చాలావరకు ఆ నీళ్లు తాగినవే.

గట్టినేల మీద టార్పాలిన్ పరిచి, 20 కిలోల గడ్డి పలచగా పరవండి. మొక్కలకు నీళ్లు పోసే జల్లు క్యానుతో 10 లీటర్ల ద్రావణం సమంగా చల్లి, తిరగేసి, కాళ్లతో బాగా తొక్కండి. దాని మీద మరో 20 కిలోలు, మళ్లీ 10 లీటర్లు. ఇలా వరుసలు పేర్చి, గాలి మిగలకుండా తొక్కి, పైన చిరుగులు లేని పాలిథిన్ పట్టా కప్పి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తండి. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా వాయువే గడ్డిని మార్చేది. పట్టాలో చిల్లు ఉంటే అది బయటికి పోతుంది, లోపల తడిగడ్డికి బూజు పడుతుంది. పని చెడిందని రాసేవారిలో ఎక్కువమంది కప్పింది యూరియా సంచులు కుట్టిన పట్టా. దాని కుట్లలోంచి గాలి ఆడుతూనే ఉంటుంది.

21 రోజులు కదపకూడదు. తర్వాత ఒకవైపు మాత్రమే తెరవండి. గడ్డి ముదురు పసుపు, లేత గోధుమ రంగుకు తిరిగి ఉండాలి, కళ్లు మండేంత ఘాటు వాసన రావాలి. ఆ ఘాటు లేదంటే మాగలేదన్నమాట, ఆ గడ్డి వేయకూడదు. ఆ పూటకు కావలసింది తీసి గంట, రెండు గంటలు నీడలో ఆరబెట్టి వేయాలి. మొదటి రెండు రోజులు మామూలు గడ్డిలో కిలో కలిపి, వారం రోజుల్లో పూర్తిగా దీని మీదికి మార్చండి.

ఆరు నెలల లోపు దూడలకు వద్దు. రోగంతో ఉన్నవాటికి, ఆకలితో నకనకలాడుతున్నవాటికి ఒక్కసారిగా వద్దు. పచ్చి సోయాగింజల పిండి దీనితో కలిపి పెట్టకూడదు, అందులోని ఎంజైము యూరియాను కడుపులో ఒక్క పెట్టున అమ్మోనియాగా మారుస్తుంది. గుర్రాలకు, గాడిదలకు అసలే వద్దు.

విషం తగిలితే అరగంట, గంటలోపే తెలుస్తుంది. పశువు వణుకుతుంది, నోట చొంగ కారుతుంది, పళ్లు కొరుకుతుంది, పొట్ట ఉబ్బుతుంది, నడక తూలుతుంది. 1962కు ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి అదే నంబరు. వాహనం వచ్చేలోపు పశువు నిలబడి మింగగలుగుతుంటే 2 నుంచి 4 లీటర్ల వెనిగర్‌ను చల్లటి నీళ్లతో కలిపి మెల్లగా తాగించవచ్చు. పడిపోయినదానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: మా ఊళ్లె బస్తాల్ల కట్టిన మక్క సైలేజ్ కిలో ఏడు రూపాయలకు అమ్ముతున్నరు. వరిగడ్డి కిలో పది దాటింది. బర్రెలకు ఏది నయం? (సిద్దిపేట జిల్లా నుంచి)

జవాబు: సైలేజ్ అంటే ముక్కలు కొట్టి, గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత. పైకి అది చవకగా కనబడుతుంది. సైలేజ్‌లో మూడింట రెండు వంతులు నీళ్లు. ఏడు రూపాయల సైలేజ్‌లో మూడోవంతే మేత కాబట్టి పొడి లెక్కన కిలో 21 రూపాయలు పడుతుంది. వరిగడ్డి 90 శాతం పొడిదే కాబట్టి 11 రూపాయలు. అట్లని గడ్డే నయమనీ అనలేం. సైలేజ్‌లో మక్క గింజ ఉంటుంది, మాంసకృత్తులు గడ్డికి రెట్టింపు, అరుగుదల ఎక్కువ. పాలిచ్చే బర్రెకు 12 నుంచి 15 కిలోల సైలేజ్ పెట్టి ఒకటి, ఒకటిన్నర కిలో దాణా తగ్గించుకోగలిగితే గిట్టుబాటవుతుంది. వట్టిపోయిన బర్రెకు సైలేజ్ కొని పెట్టడం దండగ.

బస్తా విప్పగానే చూడాల్సింది మూడే. రంగు ఆకుపచ్చ కలిసిన పసుపు ఉండాలి, నలుపు కాదు. వాసన పుల్లగా, కల్లులాగా ఉండాలి. గుప్పెడు పిండితే చేయి తడవాలి గాని నీళ్లు కారకూడదు. నీళ్లు కారితే మక్కను పాలగింజ కూడా రాకముందే కోశారన్నమాట, మీరు కొన్నది నీళ్లే. విప్పిన బస్తా రెండు రోజుల్లో అయిపోవాలి.

ప్రశ్న: పెళ్లి బరాత్‌లకు తిప్పే గుర్రాలు మూడు ఉన్నాయి. గరిక మోపు ధర భరించలేకపోతున్నాం. వరిగడ్డి, సూపర్ నేపియర్, తవుడు, పశువుల దాణా, ఇవి పెట్టవచ్చా? (హైదరాబాద్ పాతబస్తీ నుంచి)

జవాబు: గేదెకు నాలుగు గదుల కడుపు ఉంది, ముతక గడ్డిని నానబెట్టి, నెమరువేసి అరిగిస్తుంది. గుర్రానికి చిన్న పొట్ట ఒకటే. గడ్డి అరిగేది వెనక ఉన్న పెద్దపేగులో. అది వాంతి చేసుకోలేదు, చెడ్డది తింటే బయటికి పంపే దారి లేదు. గేదెకు చెల్లిందంతా గుర్రానికి చెల్లదు.

350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం అయిదున్నర కిలోల పొడి మేత, ఏడు వరకు కావాలి. పచ్చి గరికలో నాలుగింట మూడు వంతులు నీళ్లు కాబట్టి ఒక్క గరికతోనే నెట్టుకు రావాలంటే 22 కిలోలకు తగ్గకూడదు. బరువు కోసం మోపుల మీద నీళ్లు చల్లి అమ్మడం మీకు తెలిసే ఉంటుంది. తెల్లవారుజామున కొన్న మోపు ఒకటి సాయంత్రం దాకా నీడలో విప్పి పరిచి మళ్లీ తూచండి, ఎంతకు కొన్నారో అసలు లెక్క అప్పుడు తేలుతుంది.

వరిగడ్డి మొత్తం మేతలో మూడోవంతు దాటకూడదు, అంటే రోజుకు రెండు కిలోలు. అదీ బూజు, దుమ్ము లేనిది, నీళ్లలో పది నిమిషాలు ముంచి, వార్చి, రెండు మూడు పూటలుగా పెట్టాలి. ఒకే పూట ఎక్కువ తింటే పెద్దపేగులో ముద్దగా అడ్డుపడి శూల వస్తుంది. గుర్రం నేలను కాలితో గీరుతుంది, వెనక్కి తిరిగి డొక్క చూసుకుంటుంది, పడుకుని లేస్తుంది, లద్దె ఆగిపోతుంది. అప్పుడు మేత పూర్తిగా ఆపి డాక్టరును పిలవాలి. సొంతంగా నూనె పట్టించకండి. నీళ్లు రోజుకు 25 నుంచి 30 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ ముందుండాలి. ఊరేగింపులో నాలుగు గంటలు నిలబెట్టి, ఇంటికి తెచ్చి ఎండుగడ్డి ముందు వేసే పద్ధతి మానండి. ముందు నీళ్లు, అరగంట నడక, ఆ తర్వాతే మేత.

సూపర్ నేపియర్, అంటే ఏపుగా పెరిగే సంకరజాతి పచ్చిగడ్డి, కొంచెం పెట్టవచ్చు. అదే ముఖ్యమేత అయితే ఇబ్బంది, అందులో ఆక్సలేట్లు ఎక్కువ. వాటికి తోడు తవుడు పోస్తే రెండూ కలిసి దెబ్బ తీస్తాయి. తవుడు కిలోలో భాస్వరం 15 గ్రాముల పైన, కాల్షియం ఒక గ్రాము. కాల్షియం చాలక వంట్లోని ఎముకల నుంచే తీసుకుంటుంది. నెలల్లో దవడ ఎముకలు రెండువైపులా ఉబ్బి, పళ్లు కదిలి, అకారణంగా కుంటుతుంది. నేపియర్, తవుడు, వరిగడ్డి అన్నది ఈ ఊళ్లో చవకైన మేత. గుర్రానికి చెడ్డమేత కూడా అదే. తవుడు అర కిలో దాటనివ్వకండి. కిలో పెట్టక తప్పకపోతే మేతకు వాడే సున్నపురాయి పొడి 40 గ్రాములు కలపాలి. ఎండబెట్టిన లూసర్న్ రోజుకు కిలోన్నర దొరికితే కాల్షియం లోటు చాలావరకు తీరుతుంది, గరిక కూడా నాలుగోవంతు తగ్గించుకోవచ్చు. ఉలవలు నానబెట్టి ఉడికించి ఒక కిలో వరకు, దంచినవి కాకుండా. ఉప్పు 30 గ్రాములు.

పశువుల దాణా వద్దు. కొన్ని దాణాల్లో యూరియా ఉంటుంది. అంతకన్నా ప్రమాదం మొనెన్సిన్ అనే మందు. కోళ్ల మేతల్లో, కొన్ని పశువుల దాణాల్లో కలుపుతారు. గేదె తట్టుకునే మోతాదు గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది, దానికి విరుగుడు మందు లేదు. బస్తా మీద ఏమీ రాయకపోతే అసలే కొనకండి. సైలేజ్ కూడా వద్దు. సరిగా మాగని సైలేజ్‌లో పెరిగే బొట్యులినం విషానికి గుర్రం చాలా సున్నితం, కాళ్లు పడిపోయి చనిపోతుంది.

ఏ మార్పయినా పది, పద్నాలుగు రోజుల్లో చేయండి. కొత్తమేత మొదటి మూడు రోజులు పావువంతు, తర్వాత మూడు రోజులు సగం, అలా.

ప్రశ్న: వానలు లేక జొన్నచేను ఎండింది. కోసేసినచోట పిలకలు లేచాయి. ఎద్దులను తోలవచ్చా? (కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి)

జవాబు: తోలకండి. బెట్టకు వచ్చిన జొన్నలో, కోసిన మోడు నుంచి లేచిన లేత పిలకల్లో, 45 రోజుల లోపు పైరులో సైనైడ్ పుట్టే పదార్థం ఎక్కువ. పది నిమిషాల మేతతో కూడా ప్రాణం పోవచ్చు. ఎగశ్వాస, నోట నురగ, కళ్ల లోపలి పొర ఎర్రగా మెరవడం దీని గుర్తులు. డాక్టరు రక్తనాళంలోకి ఇచ్చే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ తప్ప నాటుమందులతో కాలం గడపకూడదు. థయోసల్ఫేట్‌నే ఫోటో స్టూడియోల్లో హైపో అనేవారు.

పూతకు వచ్చాక కోసి, బాగా ఎండబెట్టిన చొప్ప వేయవచ్చు. వానలు పడి, పైరు కోలుకుని పూతకు వచ్చాక పచ్చిది కూడా పనికొస్తుంది. ముందు ఎండుగడ్డితో సగం కడుపు నింపి, ఆ తర్వాతే వదలండి.

ప్రశ్న: అజొల్లా పెంచితే, హైడ్రోపోనిక్ మొలకగడ్డి వేస్తే మేత కొరత తీరుతుందా? (పలువురు)

జవాబు: తీరదు. అజొల్లా నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క, అందులో 93 శాతం పైగా నీళ్లు. ఒక మడి నుంచి రోజుకు రెండు కిలోలు తీస్తే అందులో మేత నూట నలభై గ్రాములు. ఖనిజాలకు, కోళ్లకు బాగుంటుంది, దాణాలో కలిపితే నష్టం లేదు. మట్టి లేకుండా ట్రేల్లో పెంచే మొలకగడ్డి సంగతి ఇంకా విచిత్రం. కిలో మక్కజొన్న అయిదు కిలోల పచ్చగడ్డి అయిందని చూపిస్తారు. ఆరబెట్టి తూచితే కిలో కూడా రాదు, మొలకెత్తడానికి గింజలోని పిండే ఖర్చయి ఉంటుంది. ఆ మక్కజొన్న పిండి చేసి పెట్టండి, ట్రేలకు పెట్టే డబ్బుతో వరిగడ్డి కొనండి.

ప్రశ్న: గొర్రెలకు వేరుశనగ కట్టె లేదు. చెట్ల ఆకు ఎంతవరకు పెట్టవచ్చు? (శ్రీ సత్యసాయి జిల్లా నుంచి)

జవాబు: 30 కిలోల గొర్రెకు రోజుకు కిలో పొడి మేత చాలు. అందులో మూడోవంతు దాకా ఆకు పెట్టవచ్చు, అంటే పచ్చి ఆకు కిలో, కిలో పావు. అవిశ, వేప, మర్రి, రావి, తుమ్మకాయలు అన్నీ పనికొస్తాయి. సుబాబుల్ మాత్రం మూడోవంతు దాటితే ఊలు రాలుతుంది. గ్లిరిసిడియా ఆకును ఒకపూట వాడ్చి వేస్తే వాసన తగ్గి తింటాయి. వేరుశనగ కట్టె బయట నుంచి కొంటే వానకు తడిసింది వద్దు. దాని బూజు కాలేయాన్ని తీసేస్తుంది, చూలు జారిపోతుంది.

ప్రశ్న: వచ్చే వేసవికి ఈ బాధ లేకుండా ఎంత నేలలో పచ్చిగడ్డి వేయాలి? బోరు ఉంది. (ప్రకాశం జిల్లా నుంచి)

జవాబు: గేదెకు పది సెంట్ల హైబ్రిడ్ నేపియర్. సూపర్ నేపియరే కానక్కర్లేదు, కో-4, ఏపీబీఎన్-1 రకాలు కూడా బాగా వస్తాయి. వాటి కాండం కాస్త మెత్తన కాబట్టి పశువు మొదలు దాకా తింటుంది. రెండు కణుపుల ముక్కలు, రెండడుగుల ఎడంతో సెంటుకు 110 వరకు పడతాయి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. మొదటి కోత 70, 75 రోజులకు, తర్వాత ప్రతి 40, 45 రోజులకు, నేలకు బెత్తెడు ఎత్తున కోయాలి. ప్రతి కోత తర్వాత పశువుల ఎరువు, సెంటుకు అర కిలో యూరియా వేసి వెంటనే తడి పెట్టండి. యూరియా వేసిన పది, పదిహేను రోజుల్లోపు కోసి వేయకూడదు, కాండంలో నైట్రేటు మిగిలి ఉంటుంది.

గట్టు మీద అవిశ నాటుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నేపియర్ మీకు అవసరానికి మించి వస్తుంది, అప్పుడు కోయకుండా ముదరనివ్వడం దండగ. ఒకపూట వాడ్చి, ముక్కలు కొట్టి, క్వింటాలుకు రెండు కిలోల బెల్లం నీళ్లలో కరిగించి చల్లి, గోతిలో గట్టిగా తొక్కి పాతర వేయండి. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గోతిలో అయిదు క్వింటాళ్ల పైన పడుతుంది. ఒకటిన్నర నెలకు మాగుతుంది, కప్పు చెదరకుండా ఉంటే ఏప్రిల్ దాకా ఆగుతుంది. గోతిని నీరు నిలవని మెరక మీదే తవ్వండి.